మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో పిల్లులకు ఆపరేషన్ చేసే సేవ: ఒక సమీక్ష

బియ్యం మిల్లుల ఆవరణల్లో ఎవరూ పెంచకుండానే పెరిగే పిల్లులను బోను పెట్టి పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటనే తిరిగి వదిలిపెట్టే ఒక చిన్న పశువైద్య బృందం హైదరాబాద్ నుంచి వచ్చి మిర్యాలగూడ చుట్టుపక్కల పని చేస్తున్నది. పక్కపక్కనే ఉన్న మూడు మిల్లుల వాళ్లం కలిసి ఈ సేవను తీసుకున్నాం. పిల్లి ఒక్కింటికి రూ.1,500 రుసుము, బృందం రానుపోను ఖర్చులు, బస, భోజనాలు దానికి అదనం. కొన్ని లోపాలు కూడా రాయవలసి ఉన్నందున బృందం పేరు చెప్పడం లేదు. ఈ పని ఎవరి చేత చేయించుకున్నా చూసుకోవలసిన సంగతులు ఇవే గనుక, పేరు తెలియకపోయినా చదివేవారికి వచ్చే నష్టం లేదు. పిల్లిని పట్టడంలోనూ, కోతలోనూ, కుట్టులోనూ వీరికి వంక పెట్టలేం. ఏ పిల్లిని పట్టాలి, ఏ నెలలో పట్టాలి, పట్టినవి పోగా ఇంకెన్ని మిగిలాయి అన్న లెక్క దగ్గరకు వచ్చేసరికి మాత్రం పని సగంలోనే ఆగింది. నా దృష్టిలో ఈ సేవకు ఆ లెక్కే ప్రాణం.

మా ప్రాంతపు మిల్లులకు పిల్లులు కొత్త కాదు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి పెరిగిందని, వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట ఎలుకలూ పందికొక్కులూ, వాటి వెంట పిల్లులూ వచ్చాయని మా దగ్గర అందరూ అనుకుంటారు. చివరి ముక్క పూర్తిగా నిజం కాదు. పిల్లులు నిజంగా ఎక్కడ గుమిగూడుతున్నాయో గమనిస్తే, ధాన్యం గోదాముల దగ్గర కనిపించేవి తక్కువ. హమాలీలు సద్ది విప్పే రేకుల షెడ్డు దగ్గర, గేటు ఎదుటి దాబా వెనుక కోడి తోలు, పేగులు పారేసే గుంట దగ్గర, బీహార్ కూలీల గదుల ముందు చేపలు కడిగే తొట్టి దగ్గర కనిపించేవే ఎక్కువ. చలికాలంలో బాయిలర్ గది గోడ వెచ్చగా ఉంటుంది. గన్నీ సంచుల కట్టల మధ్య కుక్క మూతి దూరని సందులు ఎన్నో ఉంటాయి. వేటలో పిల్లి ఒంటరిదే అయినా, ఒకే చోట తిండి దండిగా దొరికితే ఆడపిల్లులు గుంపు కడతాయి. ఆ గుంపు సాధారణంగా తల్లీ, కూతుళ్లూ, అక్కచెల్లెళ్లూ కలిసిన ఒకే వంశం. ఒకదాని కూనలకు మరొకటి పాలివ్వడం కూడా మామూలే. గండుపిల్లులు ఏ గుంపుకూ కట్టుబడకుండా, ఆడవాటి కంటే ఎంతో ఎక్కువ జాగా చుట్టి వస్తాయి. బృందం వచ్చీరాగానే అడిగిన మొదటి ప్రశ్న, "మిగిలిన తిండి ఎక్కడ పారేస్తారు?" అన్నది. ఆ ప్రశ్నతోనే వారి మీద నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకాన్ని కొంత తగ్గించింది వారు పంచే కరపత్రం. ఈ సేవ తీసుకుంటే ఎలుకల బెడద తీరుతుందని అందులో రాసి ఉన్నది. ఆ మాట నమ్మి ఎవరూ డబ్బు పెట్టవద్దు. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో వ్యర్థాలను వేరు చేసే ఒక పారిశ్రామిక కేంద్రంలో కెమెరాలు పెట్టి, అక్కడి ఎలుకలనూ పిల్లులనూ గమనించిన శాస్త్రవేత్తలు 2018లో తమ ఫలితాలు ప్రచురించారు. 79 రోజుల పరిశీలనలో పిల్లులు ఎలుకల వెంట పొంచి వెళ్లిన సందర్భాలు 20, చంపిన ఎలుకలు రెండు. పిల్లులు తిరిగిన రోజుల్లో ఎలుకలు బయటికి రావడం తగ్గించి చాటున ఉండిపోయాయి. మిల్లుల్లో జరిగేది కూడా ఇదే అయి ఉంటుంది: పిల్లి ఉంటే ఎలుక కనబడదు, కనబడనిదాన్ని మనం లేనట్టు జమ కట్టుకుంటాం. బ్రూక్లిన్ ఎలుకలు సగటున మూడు వందల గ్రాముల పైచిలుకు తూగేవి. మన పెద్ద పందికొక్కు వాటిని మించిన జీవి, పైగా తిరగబడి కరుస్తుంది. దాబా గుంటలో కోడి పేగులు ఊరికే దొరుకుతున్నప్పుడు ఏ పిల్లి దాని జోలికి పోతుంది? చిట్టెలుక, తొండ, బల్లి, ఉడుత, ధాన్యం ఆరబోసిన చోట వాలే పావురం, పిచ్చుక, ఇవే దాని వేట. గోదాము అడుగున బొరియలు పూడ్చడం, తలుపుల కింద రేకు కొట్టించడం పిల్లుల వల్ల తప్పే ఖర్చు కాదు.

ఇక పట్టే పని గురించి మెచ్చుకుంటూనే రాయాలి. వీరి దగ్గర ఉన్నవి రెండున్నర అడుగుల పొడవున్న ఇనుప తీగల బోనులు. లోపల నడుమ ఒక రేకు పలక ఉంటుంది. దాని మీద కాలు పడితే వెనుక తలుపు జారి మూసుకుంటుంది. వచ్చిన రోజునే బోను బిగించకుండా, తలుపులను పైకి ఎత్తి తాడుతో కట్టేసి, పిల్లులు లోపలికి వెళ్లి నిశ్చింతగా తిని వచ్చేలా కొన్నాళ్లు అలవాటు చేశారు. అసలు పట్టే రాత్రికి ముందు ఆవరణలో మరెక్కడా మెతుకు దొరకకూడదని పట్టుబట్టారు. హమాలీ మేస్త్రీతో మాట్లాడి సద్దుల్లో మిగిలినదంతా మూత ఉన్న డ్రమ్ములో వేయించారు, దాబా యజమానిని ఒప్పించి గుంట మీద రేకు కప్పించారు. హైదరాబాద్ నుంచి తెచ్చిన డబ్బా ఆహారాన్ని మా పిల్లులు మూతితో కూడా ముట్టలేదు. సంతలో కొన్న ఎండుచేపలను పెనం మీద మాడేదాకా వేయించి బోను చివరన పెట్టాక గానీ కదలిక రాలేదు. పిల్లులు చురుగ్గా తిరిగేది మునిమాపు వేళ, తెల్లవారుజామున గనుక పని అంతా ఆ రెండు వేళల్లోనే సాగింది. తలుపు పడీపడగానే బోను మీద గుడ్డ కప్పేవారు. అప్పటిదాకా తీగలకు తల బాదుకుంటున్న పిల్లి, గుడ్డ కింద చీకటి కాగానే అణగిపోవడం నేను దగ్గర నుంచి చూశాను. ఆ ఒక్క గుడ్డతో ముక్కులూ పంజాలూ చిట్లడం చాలావరకు తప్పుతుంది.

అన్ని పిల్లులూ ఈ బోనుకు లొంగవు. తౌడు గది వైపు తిరిగే ఒక ముసలి గండుపిల్లి, చెవులు చీలికలై, పోట్లాడి పోట్లాడి బుగ్గలు బలిసినది, పలక అంచున ముందుకాళ్లు నిలిపి, మెడ చాపి, చేప ముక్కను పంజాతో తన వైపు లాక్కొని తిని వెనక్కి వచ్చేసేది. పట్టేవాడు పలక మీద కాగితం పరిచి చూశాడు, ఎరను ఇంకా లోపలికి జరిపి చూశాడు. అది మాత్రం పలకను తొక్కలేదు. చివరకు అడుగు లేని పెద్ద చెక్క చట్రానికి వల బిగించిన పెట్టెను ఒక కర్ర మీద ఏటవాలుగా నిలిపి, కర్రకు సన్నని తాడు కట్టి, తాడు కొసను కాంటా గదిలో తన చేతిలో ఉంచుకొని కూర్చున్నాడు. పిల్లి వచ్చింది, పెట్టె చుట్టూ వాసన చూసింది, దాని ఎదుటే తీరిగ్గా కూర్చొని మూతి నాక్కుంది, ఆ తరువాతే లోపలికి వెళ్లింది. అది తల వంచి తినడం మొదలుపెట్టి, నడుము కూడా పెట్టె కిందికి వచ్చేదాకా అతను తాడు లాగలేదు. తొందరపడి లాగితే పెట్టె అంచు వెన్ను మీద పడుతుందని తరువాత చెప్పాడు. ఇంత ఓపిక ఉన్న పనివాడు దొరకడం అరుదు.

ఆ ఓపికను ఎక్కువగా గండుపిల్లుల మీదే ఖర్చు చేయడం దగ్గరే నాకు పేచీ. పని ముగిశాక ఇచ్చిన జాబితాలో సగానికి మించి మగవే. ఇందులో వింత లేదు. మగవి ఎక్కువ దూరం తిరుగుతాయి, తెగువ ఎక్కువ, కొత్త వాసన వస్తే ముందుగా వచ్చేవి అవే. ఒకసారి తోటి పిల్లి బోనులో పడటం చూసిన తల్లి పిల్లి మాత్రం ఆ ఛాయలకే రాదు. పిల్లుల సంఖ్య పెరిగేదీ తగ్గేదీ ఆడవాటి లెక్కన. ఒక ఆవరణలో పది గండుపిల్లుల్లో తొమ్మిదింటికి ఆపరేషన్ చేసినా, మిగిలిన ఒక్కటి అన్ని ఆడవాటికీ చాలు. అది కూడా లేకపోతే పక్క మిల్లు నుంచి ఇంకొకటి వస్తుంది. ఒకే ఈతలో పుట్టిన కూనలకు వేర్వేరు తండ్రులు ఉండటం కూడా పిల్లుల్లో సాధారణమే. ఆడపిల్లి ఐదారు నెలల వయసుకే ఎదకు రాగలదు, సుమారు తొమ్మిది వారాలకు ఈనుతుంది, ఒక ఈతకు మూడు నుంచి ఐదు కూనలు పెడుతుంది, అవి పాలు విడవక ముందే మళ్లీ కట్టగలదు. అమెరికాలోని రెండు ప్రాంతాల లెక్కలను పరిశీలించిన 2005 నాటి ఒక అధ్యయనం, పిల్లుల సంఖ్య తగ్గాలంటే వాటిలో 71 నుంచి 94 శాతం దాకా ఆపరేషన్ జరిగి ఉండాలని తేల్చింది. అంటే సగం పిల్లులకు ఆపరేషన్ చేసి ఆగిపోతే డబ్బు ఖర్చవుతుంది, పిల్లులు మాత్రం తగ్గవు.

దీనికి బృందాన్ని మాత్రమే తప్పు పట్టలేం, రుసుము పెట్టిన తీరులోనే చిక్కు ఉన్నది. సులువుగా బోనులో పడే మగపిల్లికీ, వారమంతా కాపు కాస్తే గానీ చిక్కని తల్లి పిల్లికీ ఒకే రూ.1,500 అయితే, ఎవరైనా దేని వెంట పడతారు? ఆడపిల్లికి ఎక్కువ, మగపిల్లికి తక్కువ అని ముందే మాట్లాడుకోవడం మేలు. పట్టక ముందే ఏది ఆడదో చెప్పగలమా అని పక్క మిల్లు గుమాస్తా అడిగారు. చాలావరకు చెప్పవచ్చు. నలుపు, నారింజ, తెలుపు మూడు రంగులూ కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే, ఎందుకంటే నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఆ క్రోమోజోములు ఆడదానికి రెండు, మగదానికి ఒకటే. పూర్తిగా నారింజ రంగు పిల్లుల్లో ఎక్కువ భాగం మగవి. మా తౌడు గది వెనుక ఉన్న వంశంలో మూడు రంగులవి చాలా ఉన్నాయి. జాబితాలో చూస్తే వాటిలో పట్టుబడినవి రెండే.

పాలిచ్చే తల్లి చిక్కినప్పుడు బృందం చూపిన జాగ్రత్త గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బోనులో పడిన ఒక బూడిద రంగు పిల్లి పొట్ట కింద చనుమొనల చుట్టూ వెంట్రుకలు తడిసి, అణగి, గుండ్రంగా చర్మం కనిపిస్తున్నది. బోనును కాస్త ఎత్తి, టార్చి వెలుగులో కింది నుంచి చూసి, "దీనికి ఎక్కడో కూనలున్నాయి, ఇప్పుడే వదిలేయాలి" అని డాక్టరమ్మ చెప్పింది. వదిలిన పిల్లి నేరుగా గన్నీ సంచుల కట్టల వెనుకకు పోయింది. కళ్లు కూడా తెరవని కూనలు అక్కడే ఉన్నాయి. మనం చూశామని తెలిసిందో ఏమో, మరునాటికి వాటిని నోట కరుచుకొని ఊక షెడ్డుకు మార్చింది. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. అన్ని జాగ్రత్తలు పడే తల్లికి కూడా దక్కే కూనలు తక్కువే. నార్త్ కరోలినాలో ఊరిపిల్లుల ఈతలను గమనించినప్పుడు 169 కూనల్లో 127 ఆరు నెలలు నిండకుండానే చనిపోయాయి, లేదా కనిపించకుండా పోయాయి. మిల్లులో లారీ చక్రాలు, కుక్కలు, వేడి బూడిద కూడా ఉన్నాయి. ఆపరేషన్ వద్దనే దయగల వాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

మరో బోనులో పడింది మామూలు పిల్లే కాదు. కాళ్లు పొడవు, తోక పొట్టి, తోక చివర నల్లని కట్లు, చెవుల కొసన చిన్న వెంట్రుకల కుచ్చు, ఒంటి మీద చారలు దాదాపు లేవు. కాలువ గట్ల తుంగలోనూ, వరి చేలలోనూ తిరిగే అడవిపిల్లి అది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. దాన్ని గుర్తుపట్టి, ఫోటోలు తీయడానికి గుమిగూడిన మా వాళ్లను దూరం తోలి, కాలువ వైపు వదిలేశారు. అనుభవం లేనివాళ్ల చేతికి ఈ పని ఎందుకు అప్పగించకూడదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వైద్యం గురించి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే అందులో ఎంచవలసిందేమీ లేదు. మిల్లు అతిథి గదిని కడిగించి అక్కడే ఆపరేషన్లు చేశారు. ఆడపిల్లులకు పొట్ట అడుగున కాకుండా పక్కన చిన్న కోత పెట్టారు. అలా చేస్తే వదిలిన తరువాత గాయాన్ని దూరం నుంచే చూడవచ్చు. కుట్లు వాటంతట అవే కరిగేవి. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేశారు, ఎడమ చెవి కొన కత్తిరించారు. చెవి కొన తీయడం చూసి మా హమాలీలు నొచ్చుకున్నారు గానీ, ఆ గుర్తు లేకపోతే అదే పిల్లిని మళ్లీ పట్టి మళ్లీ మత్తిచ్చే ప్రమాదం ఉంటుంది. మగవాటిని మరునాడు, ఆడవాటిని ఇంకొక రోజు ఆగి, పట్టిన చోటనే వదిలారు.

అసలు ఈ తతంగమంతా ఎందుకు, గోనె సంచిలో వేసి దామరచర్ల అవతల వదిలేస్తే పోదా అని అడిగిన యజమానులు మా దగ్గర ఉన్నారు. పిల్లులను విషం పెట్టి గానీ మరో విధంగా గానీ చంపడం భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అంతకుముందు నుంచే ఉన్నది. చట్టం మాట అటుంచినా, తీసివేయడం వల్ల పని జరగదు. ఆస్ట్రేలియాలోని తస్మానియా దక్షిణ అడవుల్లో రెండు చోట్ల అడవిపాలైన పిల్లులను కొద్దికొద్దిగా పట్టి తొలగిస్తూ పోతే, వాటి సంఖ్య తగ్గకపోగా ఒక చోట 75 శాతం, మరొక చోట 211 శాతం పెరిగినట్టు తేలింది. ఖాళీ అయిన జాగాలోకి చుట్టుపక్కల నుంచి కొత్తవి వచ్చాయి. దాబా గుంట అలాగే ఉన్నంతకాలం మన మిల్లుల్లోనూ ఇంతే.

ఫలితాల్లో అందరికన్నా ముందు మా గోదాము గుమాస్తాకు తెలిసింది వాసన తగ్గడం. గండుపిల్లి తన హద్దులు తెలపడానికి నిలబడి వెనక్కి మూత్రం చిమ్ముతుంది. అందులో ఫెలినైన్ అనే గంధకం కలిసిన పదార్థం ఉంటుంది, అది విడిపోతున్నకొద్దీ ఘాటు పెరుగుతుంది. బియ్యం బస్తాల మీద ఆ మరక పడితే లాటు మొత్తం చూసేవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఆపరేషన్ తరువాత మగ హార్మోనుతో పాటు ఇదీ తగ్గుతుంది. రాత్రి పూట అరుపులు, పోట్లాటలు కూడా తగ్గాయి. మగవాటిని పట్టడం వల్ల కలిగిన మేలు ఇదే. సంఖ్య గురించి ఇప్పుడే చెప్పడం తొందరపాటు అవుతుంది. చెవి కొన లేని మూడు రంగుల పిల్లులు తౌడు గది వెనుక ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

లోపాల్లో పెద్దది కాలం ఎంచుకోవడంలో ఉన్నది. పగటి వెలుగు నిడివి పెరుగుతున్నకొద్దీ ఆడపిల్లులు ఎదకు రావడం ఎక్కువవుతుంది. మన దగ్గర ఏడాదిలో చాలా భాగం ఈనుతూనే ఉన్నా, సంక్రాంతి దాటాక జోరు కనిపిస్తుంది. బృందం వచ్చింది మార్చి చివర. అప్పటికి కొన్ని కడుపుతో ఉన్నాయి, కొన్ని పాలిస్తున్నాయి. పాలిచ్చేవాటిని వదిలేయడంతో అవి లెక్కలో చేరలేదు. కడుపుతో ఉన్నవాటికి ఆపరేషన్ చేస్తే లోపలి కూనలు దక్కవు. ఈ మాట మాకు ముందుగా చెప్పలేదు. తౌడు ఎత్తే ఆడవాళ్లకు ఇది తెలిసి, రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఈ విషయం రాతలో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం సేవ ఇచ్చేవారి బాధ్యత. పైగా మార్చి చివర అంటే యాసంగి ధాన్యం లారీలు మొదలయ్యే వేళ. ఆవరణలో రాత్రీపగలూ సందడి ఉంటే పిల్లి బోను దగ్గరకు ఎలా వస్తుంది?

ఆపరేషన్ తరువాత బాగోగులు చూడటం దాదాపు లేదు. ఒక ఆడపిల్లికి కోత దగ్గర వాపు వస్తే, వారిచ్చిన నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చివరకు స్థానికంగానే చూపించుకున్నాం, అది కోలుకున్నది. పురుగు పట్టకుండా బస్తాల నిట్టల మీద పట్టాలు కప్పి ఫాస్ఫీన్ వాయువు వదిలే ముందు నిట్టల సందుల్లో కూనలు ఉన్నాయేమో చూడాలని, బ్రోమాడియోలోన్ వంటి ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ముప్పేనని మిల్లులకు చెప్పవలసింది ఇలాంటి బృందమే. ఒక కాగితం మీద రాసి ఇచ్చినా సరిపోయేది. తిండి గుంటల గురించి మొదటి రోజు అడిగిన మంచి ప్రశ్నకు చివరి రోజు సలహాగా ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయారు. పిల్లులను పట్టే ఆ ఒక్క రాత్రికి వేసిన డ్రమ్ము మూతను మేమే శాశ్వతం చేసుకున్నాం. దాబా గుంట మీది రేకు మాత్రం మళ్లీ లేచిపోయింది.

ఎలుకల కోసం పిలిచేవారికి, పిల్లులే లేకుండా పోవాలనుకునేవారికి ఈ సేవ పనికిరాదు. బస్తాల మీద మరకలు, రాత్రి గొడవలు తగ్గి, ఏటేటా పుట్టే కూనల సంఖ్య అదుపులో ఉండాలనుకునే మిల్లులకు తప్పకుండా పనికొస్తుంది. అయితే ఒంటరిగా ఒక్క మిల్లు కాకుండా ప్రహరీలు కలిసిన మిల్లులన్నీ ఒకేసారి చేయించుకోవాలి. ఇదే బృందాన్ని డిసెంబరు చివరి వారానికి మళ్లీ రమ్మన్నాం. ఈసారి ఒప్పందంలో ఆడపిల్లికి రూ.2,000, మగపిల్లికి రూ.800 అని రాయించాం. చెవి గుర్తు లేని ఆడపిల్లుల జాబితాను ఫోటోలతో సహా మేమే తయారు చేసి ఇస్తున్నాం, అందులో నాలుగింట మూడు వంతులు పట్టుబడిన తరువాతే రుసుములో చివరి భాగం చెల్లించాలన్న షరతుకు వారు కూడా ఒప్పుకున్నారు.